చాట మీది నిచ్చెన

టీవీలో ఎన్నికల ఫలితాలు చదివేటప్పుడు చివర్న "ఇతరులు" అని ఒక మాట అంటారు. అది వినపడితే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. ఎవరయ్యా ఇతరులు? మా అవ్వ ఇతరుల్లో ఒకతె. అమ్మను మా ఇంట్లో అవ్వ అనే పిలిచేవాళ్ళం. మేడిపల్లిలో బీడీలు చుట్టి నన్ను పదో తరగతి దాకా చదివించింది. ఆ రోజుల్లో ఓటు వేయడానికి ఆమె ఎంత భయం దిగమింగిందో, ఆ ఓటు చివరికి ఎవరి పాలైందో తెలిస్తే ఆ చదివేవాళ్ళు ఆ మాటను అంత తేలిగ్గా అనేసి వాతావరణ వార్తలకు పోరు.

మాది చిన్న పార్టీ. ఎర్రజెండానే, కానీ ఎన్నికల్లో నిలబడే ఎర్రజెండా. ఎన్నికల్లో నిలబడతాం కాబట్టి అడవిలోని అన్నలకు మేమంటే గిట్టదు. జెండా ఎర్రగా ఉంది కాబట్టి పోలీసులకూ గిట్టదు. సిరిసిల్లలో సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద పనిచేసేవాళ్ళు, కోరుట్ల, జగిత్యాల చుట్టుపక్కల బీడీలు చేసే ఆడవాళ్ళు, వీళ్ళే మా బలం. నాయకుడంటే సిరిసిల్ల పెద్దాయన ఒక్కడే. సాంచాల చప్పుడుకు సగం చెవుడొచ్చి, గుసగుసలు కూడా అరిచినట్టే చెప్పేవాడు. కోరుట్ల బీడీల కార్ఖానాలో మంచి బీడీలను కూడా బాగాలేవని పక్కన పడేసి, తర్వాత వాటినే అమ్ముకునేవాళ్ళు. పెద్దాయన వచ్చి గడపలో బైఠాయించి, పక్కన పడేసిన ప్రతి బీడీని ఆడవాళ్ళ ముందే విరిచేయాలని పట్టుబట్టాడు. విరిచేస్తే అమ్ముకోలేరు కదా! మూడో రోజుకల్లా మా బీడీలన్నీ బాగైపోయాయి. ఆనాటి నుంచి అవ్వకు ఆయన మాటంటే మాటే.

మొదటిసారి ఆయన మా వైపు ఎన్నికల్లో నిలబడినప్పుడు మాకు నిచ్చెన గుర్తు వచ్చింది. గోడల మీద గీయడానికి లేదు. గోడ మీద ఏమున్నా పగలు పోలీసులు, చీకటి పడితే అన్నలు ఆ ఇంటివాళ్ళనే అడిగేవాళ్ళు. అప్పుడు నాకొక ఆలోచన వచ్చింది. ఎంత తెలివైనదాన్నని అనుకున్నానో! బీడీలు చేసే ఆడవాళ్ళ ఒడిలో పొద్దస్తమానం చాట ఉంటుంది. తునికాకు, తంబాకు, దారం అన్నీ అందులోనే. ఎర్ర పెయింటు డబ్బా పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి చాటల్లో నిచ్చెనలు గీశాను. ఓడిపోయాం, కానీ నిచ్చెనలు చెరగలేదు. తర్వాతి ఎన్నికల దాకా మా వాడకట్టు ఆడవాళ్ళు రోజూ నిచ్చెన మొహం చూస్తూనే బీడీలు చుట్టారు.

ఓడిపోయిన మర్నాడు పెద్దాయన మా ఇంటికి వచ్చాడు. సిరిసిల్ల వైపు, జగిత్యాల వైపు, కోరుట్ల వైపు మూడు చోట్లా మాకు ఓట్లు పడ్డాయి. అన్నీ కలిపితే ఒక మనిషిని అసెంబ్లీకి పంపడానికి చాలు. కానీ ఏ ఒక్కచోటా అందరికన్నా ఎక్కువ కాదు కాబట్టి అన్నీ చెత్తబుట్టలోకే. అవ్వకు అర్థం కాక, గన్ని ఓట్లు ఏమైనయని అడిగింది.

"సొసైటీకి నూలు అస్తే ఎట్ల పంచుకుంటం చెల్లె? ఇరవై సాంచాలున్నోనికి ఇరవై సాంచాల నూలు, రెండున్నోనికి రెండు సాంచాల నూలు. నాకు అందరికన్న ఎక్కువున్నయి, నూలంత నేనే ఎత్తుకపోతనంటే ఊకుంటమా? గీ ఓట్లల్ల మాత్రం గట్లనే ఎత్తుకపోతున్నరు. కొన్ని దేశాలల్ల మనం నూలు పంచుకున్నట్టే సీట్లు పంచుతరట. ఎన్ని ఓట్లకు గన్ని సీట్లు."

"మరి మన దగ్గర ఎందుకు పంచరు?" అంది అవ్వ.

"పంచేది ఎత్తుకపోయినోడే గద."

ఇంతకన్నా తేటగా ఈ సంగతి చెప్పిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు. పెద్ద పెద్ద చదువులు చదివినవాళ్ళు చిన్న పార్టీలకు సీట్లిస్తే ప్రభుత్వాలు నిలబడవని పాఠాలు చెప్తుంటే విన్నాను. మా ఊళ్ళో అప్పుడు ఏం నిలబడ్డాయట? ఓటేసినా ఏమీ రాదని మా ఓట్లే రుజువు చేస్తుంటే, అన్నల మాటకు ఎదురు చెప్పడానికి మా దగ్గర ఏం మిగిలింది? పిల్లలు అడవిలోకి ఎందుకు పోతున్నారని హైదరాబాదులో కూర్చుని ఆశ్చర్యపోయేవాళ్ళంటే నాకు అసహ్యం.

రెండోసారి ఎన్నికలు వచ్చాయి. మళ్ళీ నిచ్చెనే కావాలని అడిగాం. ఎవరో ఒక స్వతంత్ర అభ్యర్థి కూడా అదే అడిగాడు. చీటీ తీశారు. నిచ్చెన అతనికి పోయింది, మాకు గొడుగు అంటగట్టారు. గుర్తు ఎప్పటికీ మీదే కావాలంటే ఇన్ని సీట్లో ఇన్ని ఓట్లో తెచ్చుకోండి అంటారు. గుర్తే మాది కాకపోతే అవి ఎలా తెచ్చుకుంటాం? ఈ వలయాన్ని గీసినవాడెవడో గానీ చాలా జాగ్రత్తగా గీశాడు. పోలింగుకు గట్టిగా రెండు వారాలు కూడా లేదు. ఎన్నికలు బహిష్కరించాలని అన్నల కాగితాలు ఊరూరా అంటించి ఉన్నాయి. ఓటేసిన వేలు ఉండదని పుకారు. పార్టీవాళ్ళెవరూ ఊళ్ళలోకి రావద్దని అన్నలు హెచ్చరించారు, నన్ను కూడా. పార్టీ పని మీదున్న నేను కోరుట్లలోనే ఉండిపోయి, బీడీల ఆకు తీసుకుపోయే ఆడవాళ్ళ చేతికి గొడుగు బొమ్మ, పెద్దాయన ఫోటో ఉన్న కాగితాలు ఇచ్చి పంపాను. చదువు రానివాళ్ళకు బొమ్మా ఫోటో చాలనుకున్నాను.

పోలింగు రోజు పొద్దున పోలీసు జీపు మేడిపల్లిలో తిరిగిందట, ఓటెయ్యనోళ్ళంతా నక్సలైట్లే అని మైకులో చెప్పుకుంటూ. అవ్వ పోయి ఓటేసి వచ్చింది. మర్నాడు పోలీసులు వేళ్ళు చూపించమంటే తంబాకు మరకలో సిరా కనపడలేదు. సబ్బుతో రుద్ది రుద్ది చూపించింది. ఆ వారంలోనే అన్నలు వచ్చి అడిగితే, అదే వేలికి తంబాకు పూసి చూపించింది. ఒక్క వేలితో రెండు తుపాకుల మధ్య బతికింది మా అవ్వ.

అదంతా అయ్యాక నేను ఇల్లు చేరాను. ఓట్లు ఇంకా లెక్కపెట్టలేదు. అవ్వ మొహం వెలిగిపోతోంది.

"నిచ్చెన మీదనే గుద్దిన బిడ్డా. గా గొడుగోళ్ళు ఎవలో గని, మన పెద్దాయన ఫోటో ఏసుకొని మోసం జేస్తున్నరు. వాడకట్టంత తిరిగి చెప్పిన, గొడుగుకు ఎయ్యకున్రి, నిచ్చెనకే ఎయ్యున్రి అని."

నేను అరిచాను. నీకు బుద్ధి లేదా, కాగితం పంపితే చూసుకోవద్దా అని నోటికొచ్చినట్టు అరిచాను. అవ్వ ఒడిలోని చాటను నా వైపు తిప్పింది. ఎర్రగా నా నిచ్చెన. నేను గీసిందే. ఆ రోజు అవ్వ మీద అరిచినందుకు నన్ను నేను ఈనాటికీ క్షమించుకోలేదు.

జగిత్యాలలో లెక్కింపు రోజు బల్ల దగ్గర నేనూ ఉన్నాను. పేరూ ఊరూ ఎవరికీ తెలియని నిచ్చెన మనిషికి కట్టల మీద కట్టలు లేచాయి. పక్కన మా గొడుగు కట్ట బక్కచిక్కి ఉంది. గెలిచినాయనకు సగం మంది కూడా వేయలేదు. అయినా ఊరేగింపు తీశారు, మా అందరికీ ఆయనే ప్రతినిధి అన్నారు.

"నేను ఓటేసిన మనిషిని ఒక్కపారన్న చూడద్దా?" అని అవ్వ పట్టుబట్టింది. వాకబు చేస్తే నిచ్చెన మనిషిది పెగడపల్లి అని తెలిసింది. ఇద్దరం బస్సులో పోయాం. అతను గెలిచినాయన చుట్టాల రైసుమిల్లులో హమాలీ. మమ్మల్ని చూసి బస్తా కింద పెట్టి, తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు.

"నువ్వేనా కొడుకా నిచ్చెన?" అంది అవ్వ.

అతను మిల్లు లోపలికి ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. "అవునవ్వా. సేటు నామినేషన్ కాయితం మీద సంతకం పెట్టుమన్నడు, నిచ్చెన గుర్తే అడుగుమన్నడు, అడిగిన. కాదంటే పని పోతది. గన్ని ఓట్లు యాడికెల్లి అచ్చినయో నాకు తెల్వదు. మా ఇంట్ల గూడ ఎవ్వలు ఎయ్యలే. నేను గూడ సేటు చెప్పిన గుర్తుకే ఏసిన."

అవ్వ ఎడమచేతి వేలు చూపించింది. గోరు మొదట్లో సిరా ఇంకా ఉంది. "నేనేసిన" అంది.

"ఎందుకేసినవవ్వా?" అని అడిగాడతను. ఎగతాళికి కాదు, నిజంగానే తెలియక అడిగాడు. నాకు వాణ్ణి తిట్టాలని ఉంది. తిట్టడానికి అక్కడ నాకు మా అవ్వలాంటి మనిషి తప్ప ఎవరూ కనపడలేదు.

తిరుగు బస్సులో జగిత్యాల దాకా వచ్చాం. బస్టాండులో దిగాక అవ్వ అడిగింది.

"మళ్ళ ఓట్లకు మనకేం గుర్తిస్తరు బిడ్డా?"

"తెల్వదవ్వా. మళ్ళ చీటీ తీస్తరు."

"అయితే ఇగ నా చాట మీద ఏం గియ్యకు" అంది.