పెద్దవల తాడు, పోలరాజు కాలు

2022. ద్వారకా నగర్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రి, మేడ మీద ఫిజియోథెరపీ గది. ముప్పై ఏళ్లకు పైగా నేనక్కడ అటెండర్‌ని. రోగిని లేపడం, నడిపించడం, పడిపోకుండా పట్టుకోవడం నా పని. బడిలో చదివింది ఎనిమిదో తరగతి వరకే. డాక్టర్లు పాతబడ్డాయని పారేసిన పుస్తకాలను డిక్షనరీ పక్కన పెట్టుకుని సొంతంగా చదివాను. దానివల్ల నాకో తెగులు పట్టుకుంది. కేస్ షీట్‌లో రాసింది నాకు అర్థమవుతుంది. అర్థమయ్యాక ఊరుకోలేను.

పోలరాజు షీట్‌లో ఉన్న మాట ‘నాన్ కోఆపరేటివ్’. అంటే చెప్పినట్టు చెయ్యడు, మొండిఘటం అని.

అతనిది యారాడ. నలభై నిండని సముద్రపు మనిషి. నడుములో డిస్క్ జారితే ఆపరేషన్ చేశారు. నొప్పి పోయింది, దాంతో పాటే కుడికాలూ పనిచేయడం మానేసింది. మళ్లీ తీసిన ఎమ్మారైలో నరం మీద ఏ ఒత్తిడీ కనిపించలేదు. ఆరు వారాలైనా మనిషి వీల్‌చైర్‌లోనే ఉన్నాడు. సర్జన్‌గారు చేయి తిరిగినవారే, కానీ స్కాన్‌లో కనిపించనిది లోకంలో లేదనుకునే రకం. శనివారం దాకా చూసి ఇంటికి పంపేయమన్నారు.

“ఇసకలో ఈ బండి ఎలాగెల్తాది బాబాయ్?” అని పోలరాజు నన్నే అడిగాడు.

తోడుగా ఉన్నది అతని భార్యకు అన్న, ఎర్రయ్య. వాడి నోరు మరీ పెద్దది. “ఎన్నాళ్లు బావా ఈ ఏసాలు? పెద్దవల తాడు కాడ నీ సోటు కాళీగుంది. ఇంకోడిని ఎట్టుకుంటామని ఊరోళ్లు అడుగుతన్నారు.”

“కదలమంటే కదల్దు. నానేటి సేతును?”

నాకు ఒళ్లు మండింది. ఎందుకంటే ఆ ‘ఏసాలు’ అనే మాట నేను ఇంతకుముందూ ఒకసారి విన్నాను. చాలా ఏళ్ల కిందట వన్ టౌన్ నుంచి ఒక కలాసీ ఇదే స్థితిలో వచ్చాడు. నాటకమని వార్డంతా నవ్వింది. నేనూ నవ్వాను. అతను వీల్‌చైర్‌లోనే వెళ్లిపోయాడు. ఆ నవ్వు నేనింకా మరిచిపోలేదు.

మా ఫిజియో డాక్టరు లలితమ్మ వయసులో చిన్నదైనా ఓపికలో పెద్దది. పోలరాజును పడుకోబెట్టి, కుడి మడమ కింద చేయి పెట్టి, “కిందికి నొక్కు” అంది. కాలు చచ్చినట్టు పడి ఉంది. “సరే, ఎడమకాలు పైకెత్తు” అంటూ ఆ కాలిని రెండో చేత్తో అదిమిపట్టింది. అతను ఎడమకాలు ఎత్తబోగానే కుడి మడమ ఆమె అరచేతిని గట్టిగా నొక్కింది. ఆ నొక్కుడు అతనికీ తెలిసింది.

“దీన్ని ఫంక్షనల్ న్యూరలాజికల్ డిజార్డర్ అంటారు. కాలు బాగుంది, నరం బాగుంది. మెదడు పంపే కబురే దారి తప్పుతోంది. కాలి మీదే ధ్యాస పెట్టినకొద్దీ ఇంకా తప్పుతుంది. నువ్వు కావాలని చేస్తున్నది కాదు.”

“అయితే నానబద్దం ఆడట్లేదు కదమ్మా?”

“లేదు.”

“ఆ ముక్క మా బావకి సెప్పు తల్లీ.”

చెప్పింది. ఎర్రయ్య తల గోక్కున్నాడు.

కానీ పారలల్ బార్స్ మధ్య, అంటే పట్టుకుని నడిచే రెండు ఇనుప కమ్మీల మధ్య, కాలు ఈడ్చుకుంటూనే వచ్చింది. చూపంతా పాదం మీదే. శుక్రవారం వచ్చేసింది. ఆ సాయంత్రం ఎర్రయ్యకు టీ ఇచ్చి అడిగాను, “వల లాగేటప్పుడు కాలెక్కడ పడుతోందో చూసుకుంటారా?”

“కాలెవుడు సూత్తాడు బాబాయ్? సముద్రాన్ని సూత్తాం. ఎనక్కెనక్కి నడుత్తాం.”

పెద్దవల లాగడం నేనూ చూశాను. మొహాలు సముద్రం వైపు పెట్టి, వరసగా తాడు పట్టుకుని వెనక్కి నడుస్తారు. తాడు తోక దగ్గరున్నవాడు ఇక జాగా లేదనగానే వదిలేసి, ముందుకు నీళ్ల దాకా వెళ్లి మళ్లీ పట్టుకుంటాడు. పోలరాజు ఇరవై ఏళ్లుగా చేసింది అదే.

తాడుతో అలాగే నడిపిద్దామని లలితమ్మకు చెప్పాను. “బాగుంది. కానీ వెన్ను మీద బరువు పడకూడదు” అంది.

శనివారం పొద్దున్న మందపాటి తాడు తెచ్చాను. కిటికీ దగ్గర ఎర్రయ్య తాడును, లాగినకొద్దీ జారేలా, వదులుగా పట్టుకున్నాడు. పోలరాజును నిలబెట్టి నడుముకు బెల్టు కట్టి, నేను వెనక నుంచి పట్టుకున్నాను.

“నా మొహం సూడు బావా. నానే సముద్రాన్ని” అన్నాడు ఎర్రయ్య.

“నీ మొహానికి సేపలేటి పడతాయి?”

“నెత్తళ్లు నిండుగున్నాయి. నువ్వు లాగకపోతే ఎల్లిపోతాయి మరి.”

పోలరాజు లాగాడు. ఎడమకాలు వెనక్కి వెళ్లింది. కుడికాలు దాని వెంటే వెళ్లింది. మళ్లీ ఎడమ, మళ్లీ కుడి. లేని చేపల గురించి ఇద్దరూ తిట్టుకుంటూనే ఉన్నారు. చివరికి నా వీపు గోడకు తగిలింది. ఇక జాగా లేదు.

అప్పుడు పోలరాజు తాడు వదిలేశాడు. ఇరవై ఏళ్ల అలవాటు. తోక దగ్గరివాడు ముందుకెళ్లాలి కదా. బెల్టు పట్టుకున్న నన్ను కూడా లాక్కుంటూ ఎర్రయ్య దాకా నడిచి వెళ్లి, తాడు ముందు కొస అందుకున్నాడు. అందుకున్నాక గానీ తను ముందుకు నడిచి వచ్చినట్టు అతనికి తెలియలేదు.

“బావా,” అన్నాడు ఎర్రయ్య, “నీ సోటు ఎవుడికీ ఇవ్వన్లే.”

డిశ్చార్జ్ కాగితం మీద సంతకానికి వచ్చిన సర్జన్‌గారు గుమ్మంలో నిలబడి ఇదంతా చూశారు. నేను కేస్ షీట్ తీసుకెళ్లి ‘నాన్ కోఆపరేటివ్’ అన్న మాట మీద వేలు పెట్టాను. అటెండర్ వేలు అలా పెట్టకూడదు, తెలుసు. ఆయన నా వైపోసారి చూసి, పెన్ను తీసి ఆ మాట కొట్టేసి, అసలు జబ్బు పేరు రాశారు. డిశ్చార్జ్ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు.

ఇది మంత్రం కాదు. ఆ తర్వాత పోలరాజు రెండు నెలలు మా గదికి వచ్చాడు. తొందరపడితే కాలు మొరాయించేది. మళ్లీ తాడు, మళ్లీ ఎర్రయ్య మొహం. మూడో నెలలో, లలితమ్మ సరేనన్నాక, యారాడ ఇసకలో, వరసలో తన చోట నిలబడి లాగుతుంటే నేను వెళ్లి చూశాను. కాళ్ల వైపు ఒక్కసారీ చూసుకోలేదు.

ఇప్పుడు మా గదికి కొత్త రోగి వస్తే, షీట్ తెరవకముందే నేనడిగే ప్రశ్న ఒకటే. “నీ పనేటి బాబూ? అది సేసేటప్పుడు నీ సూపెక్కడుంటాది?”