లెసోతోకి మూడు నిమిషాలు

మా అమ్మాయి మూడో తరగతిలో ఉన్నప్పుడు, క్లాసులో ఒక్కొక్కరూ ఒక దేశం గురించి మూడు నిమిషాలు మాట్లాడాలన్నారు. టీచరు దేశాల పేర్లున్న చీటీలు టేబుల్ మీద పరిచి, ఎవరికి నచ్చింది వాళ్ళని తీసుకోమందట. జపాన్ ఉంది, బ్రెజిల్ ఉంది, ఈజిప్టు ఉంది. అవన్నీ వదిలేసి మా పిల్ల లెసోతో పట్టుకొచ్చింది. అదెక్కడుందో నాకు తెలియదు. తెలియదని ఒప్పుకోవడం నాకు చేతకాని పని కాబట్టి "ఆఫ్రికాలో కదూ" అని చీకట్లో రాయి విసిరాను. అదృష్టం, తగిలింది.

అసలు సంగతి దేశం కాదు. మా పిల్ల క్లాసులో నోరు విప్పదు. ఇంట్లో వాగుడుకాయ, గడప దాటితే బెల్లం కొట్టిన రాయి. పేరెంట్ టీచర్ మీటింగ్‌కి వెళ్తే రెండేళ్ళుగా ఒకటే మాట: తనకి జవాబు తెలుసు, చెయ్యి మాత్రం ఎత్తదు. అలాంటిది ఆ రోజు కార్‌లో సీట్ బెల్టు పెట్టుకుంటూ తనంతట తనే అంది.

"నాన్నా, ఈసారి నేను మాట్లాడతా. మొత్తం నేనే. నువ్వు హెల్ప్ చేయొద్దు, ఓకే?"

"ఓకే" అన్నాను. ఆ ఓకే నేను నిలబెట్టుకోలేదు.

లైబ్రరీకి వెళ్ళి అట్లాసు తెచ్చుకున్నాం. డైనింగ్ టేబుల్ మీద పరిచి చూస్తే, దక్షిణాఫ్రికా మధ్యలో గారెకి చిల్లులాగా ఉంది లెసోతో. చుట్టూ అన్ని వైపులా ఒకే దేశం. సముద్రం లేదు, ఇంకో పొరుగు లేదు. మా అమ్మాయి ఆ సరిహద్దు మీద వేలితో గుండ్రంగా రెండుసార్లు తిరిగి వచ్చి, "మరి వీళ్ళు వేరే ఎక్కడికైనా వెళ్ళాలంటే?" అని అడిగింది. ఆ ప్రశ్నకి జవాబు తనే వెతుక్కోవాలి. నేను అప్పటికే ఫోన్ తీసి, విమానాలు ఏ ఊరి మీదుగా వెళ్తాయో చదవడం మొదలుపెట్టాను.

అన్నీ అడిగి తెలుసుకోవాలనే పిచ్చి నాకు చిన్నప్పటిది. దానికి తోడు మరో పిచ్చి, దేశం వదిలి ఈ నేపర్‌విల్ వచ్చాక పట్టుకుంది. ఇక్కడి మా తెలుగు సంఘానికి ఎనిమిదేళ్ళుగా కల్చరల్ సెక్రటరీని. హాలు బుక్ చేయడం, ముఖ్య అతిథిని పట్టుకురావడం, శాలువా కప్పడం, జ్ఞాపిక ఇవ్వడం, టైము చాలకపోతే పిల్లల డాన్సులు కుదించడం, ఇవీ నా విద్యలు. పిల్లల డాన్సులు ఎన్ని కుదించానో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుగా ఉంటుంది.

నా భార్య ఒక హాస్పిటల్లో రక్తపరీక్షల ల్యాబ్‌లో పనిచేస్తుంది. ఆ రాత్రి భోజనాల దగ్గర లెసోతో పేరు విని ముద్ద చేతిలోనే ఆపేసింది. తన పక్క సీట్లో ఆరేళ్ళుగా పనిచేస్తున్న పెద్దావిడ ఆ పేరు ఎప్పుడో ఒకసారి చెప్పిందట. మర్నాడు నా భార్య అడిగితే, అవును, తనది లెసోతోనే అంది. మొదట్లో అందరికీ లెసోతో అనే చెప్పేదట ఆవిడ. విన్నవాళ్ళంతా "ఓ, సౌతాఫ్రికానా" అనేవాళ్ళట. కొన్నాళ్ళకి విసుగొచ్చి తనే సౌతాఫ్రికా అనడం మొదలుపెట్టింది. "మనం తెలుగు అంటే, హిందీలాంటిదా అని అడుగుతారు చూడండి, అలాగే" అంది నా భార్య. ఆరేళ్ళు పక్కనే కూర్చుని పట్టించుకోలేదే అని తను చాలా బాధపడింది.

ఆవిడని ఆదివారం భోజనానికి పిలిచాం. ఫిబ్రవరి. డ్రైవ్‌వేలో మంచు నేనే తోశాను. ఆవిడ కోటు మీద దళసరి ఉన్ని దుప్పటి కప్పుకుని, గుండెల దగ్గర పెద్ద పిన్నుతో బిగించుకుని వచ్చింది. ముదురు ఎరుపు, దాని మీద నిలువుగా నల్లటి చారలు. మా అమ్మాయి లైబ్రరీ బొమ్మల పుస్తకంలో చూసిన దుప్పటి నిజంగా గుమ్మంలో నిలబడేసరికి నోరు తెరుచుకుని చూసింది. లోపలికి రండి అనడం కూడా మర్చిపోయింది.

పిల్ల నోట్‌బుక్‌లో పదకొండు ప్రశ్నలు రాసుకుంది. మొదటి ప్రశ్న, ఆఫ్రికాలో మంచు పడుతుందా. పడుతుందంది ఆవిడ. వాళ్ళకి చలికాలమైన జూన్, జులైల్లో కొండల మీద తెల్లగా పేరుకుంటుందట, ఆ దుప్పట్లు అందుకేనట. పుట్టినప్పుడు ఒకటి, పెళ్ళికి ఒకటి, మనిషి జీవితంలో పెద్ద రోజులన్నిటికీ దుప్పటి ఉంటుందట. చారలు నిలువుగానే ఉండేట్టు కప్పుకోవాలి, అడ్డంగా కప్పుకుంటే ఎదుగుదల ఆగిపోతుందని అంటారట. "ఇక్కడ చలి కన్నా గాలి ఎక్కువ. మా దగ్గర చలి ఎండతో కలిసి వస్తుంది" అంది.

అక్కడిదాకా బాగానే ఉన్నాను. దేశం మొత్తంలో అన్నిటికన్నా పల్లపు చోటు కూడా మన హార్స్‌లీ హిల్స్ కన్నా ఎత్తులో ఉంటుందని తెలిసేసరికి నాకు ఆగలేదు. ఆ పైన, కొండల్లో ఆనకట్టలు కట్టి, సొరంగాల్లోంచి నీళ్ళు పంపి పొరుగు దేశానికి అమ్ముతారని ఆవిడ చెప్పింది. నేను అనంతపురంవాణ్ణి. నీళ్ళు మిగిలిపోయి పక్క దేశానికి అమ్మే చోటు ఒకటి ఉందంటే కుర్చీలో కుదురుగా ఎలా కూర్చుంటాను? సొరంగం పొడవెంత, ఎవరు తవ్వారు, ఊళ్ళు మునిగాయా, మునిగితే వాళ్ళకేమిచ్చారు, అన్నీ అడిగాను. ఊళ్ళ సంగతి అడిగినప్పుడు ఆవిడ తన మేనత్తవాళ్ళ పొలం నీళ్ళలో కలిసిపోయిందని చెప్పింది. ఆ తర్వాత నేనే మాట మార్చాను.

పొద్దున్నే ఏం తింటారు అన్నది పిల్ల ప్రశ్నే. జొన్నపిండి కలిపి పులవబెట్టి పల్చగా కాచి తాగుతారంది ఆవిడ. "అంబలి!" అంది నా భార్య వంటింట్లోంచి. ఇద్దరూ కలిసి ఏ రోజు కలపాలి, ఎన్ని గంటలు పులవాలి అని మాట్లాడుకుంటుంటే పావుగంట ఎవరినీ పట్టించుకోలేదు.

ఆ రోజు మా అందరికీ అన్నిటికన్నా నచ్చింది పలకరింపు. వాళ్ళ ఊళ్ళల్లో దారిలో ఎవరు ఎదురైనా, తెలిసినా తెలియకపోయినా, ముందు నమస్కారం చెప్పి, తర్వాత ఎక్కడికి వెళ్తున్నావు అని అడుగుతారట. అడగకపోతే తప్పు. అవతలివాళ్ళు కూడా నిజంగానే చెప్తారట, మరదలింటికి, క్లినిక్‌కి, గుర్రం తప్పిపోతే వెతకడానికి అని.

"మా ఇంట్లో బయల్దేరేవాళ్ళని ఎక్కడికి అని అడిగితే వీపు విమానం మోతే" అంది నా భార్య. అలా అడిగితే వెళ్ళే పని చెడిపోతుందని నమ్ముతామనీ, ఎవరైనా నోరు జారితే మళ్ళీ లోపలికొచ్చి కూర్చుని కాసిని మంచినీళ్ళు తాగి బయల్దేరాలనీ వివరించింది. ఆవిడ నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది. మా అమ్మాయి మాత్రం నవ్వలేదు. ఒకచోట తప్పకుండా అడగాల్సిందీ, ఇంకోచోట అస్సలు అడగకూడనిదీ ఒకటే ప్రశ్న ఎలా అయిందో దానికి అంతుబట్టలేదు. తల వంచుకుని గబగబా ఏదో రాసుకుంది.

ఆవిడ వెళ్ళాక నోట్‌బుక్ చూస్తే, పదకొండు ప్రశ్నల్లో నాలుగింటికే టిక్కు ఉంది. మిగిలిన టైమంతా నాదే.

"నాన్నా, నువ్వు చాలా అడిగావు" అంది.

"నీ కోసమే కదమ్మా" అన్నాను.

ఆ తర్వాత వారం రోజులు పిల్ల తలుపేసుకుని అద్దం ముందు ప్రాక్టీస్ చేసింది. ఏం చెప్తావే అంటే, ఆ రోజు విను అంది. ఒకసారి తలుపుకి చెవి ఆనించి దొరికిపోయాను. నేనేమో దాన్ని ఇబ్బంది పెట్టకుండా నా వంతు సాయం నేను చేశాను. ల్యాబ్‌ ఆవిడకి ఫోన్ చేసి స్కూల్‌కి రమ్మన్నాను. అంత దూరం నుంచి వచ్చిన మనిషిని ఊరికే కుర్చీలో కూర్చోబెడతామా? నాకది మర్యాదగా తోచలేదు. ఇంట్లో ఉన్న వాటిలో జరీ అంచు శాలువా ఒకటి తీసి బ్యాగులో పెట్టుకున్నాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

గురువారం సాయంత్రం స్కూల్ కాఫెటీరియాలో కార్యక్రమం. పిల్లలు వరసగా మైకు దగ్గరికి వస్తున్నారు. టీచరు చేతిలో వంటింట్లో వాడే టైమర్. మూడు నిమిషాలకి మోగగానే ఎవరైనా సరే దిగాల్సిందే. ఇరవైమందికి పైగా పిల్లలు, ఆ మాత్రం కచ్చితంగా లేకపోతే తెల్లారుతుంది. కెన్యా అయింది. మా అమ్మాయి లేచింది. దాని రెండు చేతులూ స్వెటర్ అంచుని పట్టుకుని ఉన్నాయి. మైకు దగ్గరికి నడిచి, నిలబడి, ఊపిరి పీల్చుకుంది. టీచరు టైమర్ తిప్పింది.

నేను లేచాను.

ఒక్క నిమిషం అనుకున్నాను, ఒట్టు. పిల్ల మొదలుపెట్టేలోపు అతిథిని పరిచయం చేసేస్తే సభకి నిండుదనం వస్తుందనుకున్నాను. మైకు అందుకుని, మన మధ్యకి లెసోతో నుంచి విచ్చేసిన అంటూ మొదలుపెట్టాను. ఆవిడని ముందుకి పిలిచాను. ఆవిడ ఇబ్బందిగా లేచి వచ్చింది, భుజాల మీద ఆ ఎర్ర దుప్పటితోనే. దాని మీద నేను శాలువా కప్పాను. చప్పట్లు కొట్టమన్నాను. ఫోటో కోసం పిల్లని కూడా పక్కకి లాగి, నా భార్య వైపు చూసి ఫోన్ తీయమని సైగ చేశాను. తను తీయలేదు. తల అడ్డంగా ఊపుతోంది. నేనది ఫోన్‌లో చార్జ్ లేదని చెప్పడమనుకున్నాను. ఈలోగా నీళ్ళ సొరంగం గుర్తొచ్చింది. అదొక్కటి చెప్పేద్దామని రెండు ముక్కలు చెప్పాను.

టైమర్ మోగింది.

టీచరు నవ్వుతూనే థాంక్యూ అంది, నవ్వుతూనే మలేషియాని పిలిచింది. మా అమ్మాయి నా వైపు చూడలేదు. మైకు దగ్గరికి వంగి "థాంక్యూ" అని, వచ్చి తన కుర్చీలో కూర్చుంది. ఆ సాయంత్రం పిల్ల అన్న మాట అదొక్కటే.

పార్కింగ్ లాట్‌లో ల్యాబ్ ఆవిడ శాలువా మడిచి చేత్తో పట్టుకుంది. "ఇది చాలా బాగుంది. తీసుకుంటాను" అంది నాతో. "కానీ నేను వచ్చింది మీ అమ్మాయి మాట వినడానికి."

సారీ అన్నాను. అది చెప్పాల్సింది ఆవిడకి కాదని నాకూ తెలుసు.

ఇంటికొచ్చాక పిల్ల పళ్ళు తోముకుని పడుకుంది. నా భార్య మాత్రం గట్టిగానే అంది. "మీకు మైక్ కనిపిస్తే చాలు. అది మీ సంఘం మీటింగా? రెండేళ్ళ తర్వాత మొదటిసారి దానంతట అది లేచి నిలబడింది. మీరు కూర్చోబెట్టారు."

మర్నాడు పొద్దున టీచర్‌కి ఈమెయిల్ రాశాను. తప్పు నాది, దయచేసి పిల్లకి ఇంకో అవకాశం ఇవ్వండి అని. పంపే ముందు, పాలల్లో కార్న్‌ఫ్లేక్స్ తింటున్న మా అమ్మాయికి చూపించాను. మెచ్చుకుంటుందనుకున్నాను. స్పూను పక్కన పెట్టి మొత్తం చదివింది.

"పంపకు నాన్నా" అంది. "నేనే అడుగుతా."

చెయ్యి ఎత్తని పిల్ల. అయినా నేను ఆ ఈమెయిల్ తనముందే డిలీట్ చేశాను. బహుశా ఆ నెల మొత్తంలో నేను చేసిన మంచి పని అదొక్కటే.

అడిగిందట. వచ్చే శుక్రవారం లంచ్ తర్వాత మాట్లాడమన్నారట. నేను రావచ్చా అన్నాను. క్లాస్ టైమ్‌లో పేరెంట్స్ రాకూడదంది. నిజమో, అప్పటికప్పుడు పెట్టిన రూలో నేను అడగలేదు. ఆ శుక్రవారం మధ్యాహ్నం ఆఫీస్ మీటింగ్‌లో ఎవరేం మాట్లాడారో ఒక్క ముక్క నా చెవికెక్కలేదు. గడియారం చూస్తూ కూర్చున్నాను.

సాయంత్రం స్కూల్ బస్ దగ్గర నిలబడ్డాను. దిగింది. ఎలా ఉందని అడిగితే "బాగా జరిగింది" అంది. ఏం చెప్పావు అంటే "లెసోతో గురించి చెప్పా" అంది. అదే, లెసోతో గురించి ఏం చెప్పావు అన్నాను. మంచులో బూట్లు టపటపా కొట్టుకుంటూ నా ముందు నడిచింది.

"క్లాస్‌కి చెప్పా నాన్నా. వాళ్ళకి నచ్చింది."

ఇంట్లో బ్యాగు దులిపి లంచ్ డబ్బా సింక్‌లో పడేసి పైకి వెళ్ళిపోయింది. టేబుల్ మీద ఆరు ఇండెక్స్ కార్డులు వదిలేసింది. ఒక్కోదాని మీద ఒక్కో మాట, పెన్సిలుతో. మంచు. దుప్పటి. నీళ్ళు. అంబలి. ఎక్కడికి వెళ్తున్నావు. ఆరో కార్డు మీద మై డాడ్ అని ఉంది. వెనక్కి తిప్పి చూశాను. ఏమీ రాయలేదు.

క్లాసులో మాట్లాడిందంతా ల్యాబ్ ఆవిడకి ఫోన్ చేసి మళ్ళీ చెప్పిందట పిల్ల. ఆవిడ పడీపడీ నవ్విందని నా భార్య చెప్పింది. ఆరో కార్డు దగ్గర ఏం చెప్పిందో నా భార్యకీ తెలుసు. నన్ను అడగమంటే ఒక్క రోజులో వందసార్లు అడగగలను. మెట్ల మొదట్లో నిలబడి ఒకసారి నోరు తెరిచాను కూడా. పైన తన గదిలో అది ఎవరితోనో ఫోన్‌లో గలగలా మాట్లాడుతోంది. నేను అడగలేదు. ఇప్పటికీ అడగలేదు.