భీమిలి ఒడ్డున షియర్‌వాటర్ కోసం

మా చెల్లెలు పద్మ చండ్రుగొండలో టీచరు. భద్రాచలం అడవిలో పిట్టలన్నీ ఆమెకు చుట్టాలే. చూడాల్సింది ఒకటే మిగిలింది, నడిసముద్రం వదిలి ఒడ్డు వైపు అరుదుగా వచ్చే సముద్రపు పిట్ట, షియర్‌వాటర్. ఇప్పటికి రెండుసార్లు భీమిలి వెళ్లి ఉత్త చేతులతో తిరిగొచ్చింది. ఈ వానాకాలం నేనూ వెంటపడ్డాను. నాది ఖమ్మంలో మిర్చి వ్యాపారం, గొంతు కాస్త పెద్దది.

శుక్రవారం రాత్రి రైలెక్కి, తెల్లవారి ఆరింటికి విశాఖలో దిగాం. ఎదుటి బెర్తులో మా ఖమ్మం ఖానాపురం హవేలి ఆయన ముందే చెప్పాడు: "స్టేషన్ బయటనే భీమిలి బస్సు దొరుకుతదమ్మా. ఆటోకు ఉత్తగ పైసలు పెట్టకున్రి." అలాగే దొరికింది.

ఇడ్లీ తిని, లాడ్జిలో సంచులు పడేసి, తొమ్మిదికల్లా ఒడ్డుకు చేరాం. పిట్టలు చూసే విశాఖవాళ్లు కొందరు అప్పటికే అక్కడ టెలిస్కోపులు నిలబెట్టుకుని ఉన్నారు. వెళ్లేవాళ్లు పాత నూలుగుడ్డలు ఎక్కువ పట్టుకెళ్లండి, ఉప్పు తుంపర టెలిస్కోపు అద్దాన్ని క్షణం వదలదు. నేను అడవి అలవాటుకొద్దీ ఆకాశంలో వెతుకుతుంటే పద్మ నా గడ్డం పట్టి కిందికి దించింది.

"ఆడ కాదక్కా. అలల మీద చూడు. అది రెక్కలు సాపి నీళ్ల మీదనే జారుతది."

శనివారమంతా అలలే చూశాం.

ఆదివారం గాలి బాగా లేచింది. మధ్యాహ్నం రైలుకు టికెట్లున్నాయి. పద్మ ఒక్కసారిగా అరిచింది: "నల్లగ ఏదో పోయింది!" మిగతావాళ్లు తిరిగేసరికి అలలు తప్ప ఏమీ లేవు. అక్కడివాళ్లకు పెద్దదిక్కు మురళి గారు ఫోను తీశారు. "షియర్‌వాటరేనండీ! మీ పేరుతో మా పిట్టల గ్రూపులో పెట్టేస్తున్నాను."

నేను చప్పట్లు కొట్టాను.

"వద్దు సార్," అంది పద్మ. "రెక్కలు సాపి జారిందో, కొట్టుకుంట పోయిందో నేను చూడలే. కొట్టుకుంట పోతే ఒడ్డున మామూలుగ తిరిగే టెర్న్ పిట్ట గూడ కావచ్చు."

"ఎవరడుగుతారండీ ఇప్పుడు?"

"నాకు తెలుసు గద సార్."

నా ఒళ్లు మండిపోయింది. మూడోసారి ఇంత దూరం వచ్చి ఇదేం చాదస్తం! తీరా చూస్తే పద్మ కళ్లనిండా నీళ్లు. వాటిని తుడుచుకుని మళ్లీ టెలిస్కోపుకు కన్ను ఆనించింది. బస్సు వేళ దాకా ఏ పిట్టా రాలేదు.

తిరుగు రైలు రాజమండ్రి దాటాక పక్కసీటామె సంగతంతా విని, "అయ్యో, చూడకుండనే పోతున్నరా?" అంది. పద్మ కిటికీ వైపు తిరిగింది. నా చెల్లెలిని చూసి ఇంతగా ఎన్నడూ గర్వపడలేదు నేను. బోగీ అంతా వినేలా చెప్పాను:

"అయ్యో ఏందమ్మా? చూసిన అంటే ఎవ్వలు కాదంటరు? మా చెల్లె చూడలేదన్నది!"