పైకి నొక్కితే కిందికి పోయిన పడవ

ఎనభైలలో, ఒకప్పుడు ఫ్రెంచివాళ్లు ఏలిన మా ఊళ్లో, సారం అనే పేటలోని ఒక చిన్న కంప్యూటర్ శిక్షణ కేంద్రంలో నేర్చుకునేదాన్ని. అక్కడున్న మంచి మిషను ఒక్కటే, రంగుల తెరది. అది మా పక్కవీధి సొల్దా తాతది. ఫ్రాన్సు సైన్యంలో పనిచేసి పింఛనుతో వచ్చేసినవాళ్లను మా ఊళ్లో సొల్దా అనే అంటారు. ఆయన ప్యారిస్ నుంచి తెచ్చుకున్న మిషను ఇంట్లో ఊరికే పడుంటే, నేనే బతిమాలి కేంద్రానికి తెప్పించాను. అప్పటికే, మాకు నేర్పే సార్ పాత మిషను మీద ఒక ఆట రాసి పెట్టుకున్నాను. రాళ్లు తప్పించుకుంటూ చేపలు పట్టే పడవ ఆట. రెండు మిషన్లూ ఒకే రకం కాబట్టి ఆట ఎక్కించిన క్యాసెట్టు ఇందులోనూ నడిచింది. దాన్ని మా కేంద్రం పెట్టే ఎగ్జిబిషన్లో చూపించాలనుకున్నాం.

ఎగ్జిబిషన్‌కు ముందు తాత వచ్చి ఆడడానికి కూర్చున్నాడు. యుద్ధంలో దెబ్బ తగిలి ఆయన కుడిచేతి వేళ్లు సరిగ్గా వంగవు. నా ఆటకేమో రెండు చేతులూ కావాలి. అది చాలదన్నట్టు పడవ తిక్కతిక్కగా పోయింది.

"ఏంది పాపా, పైమీట నొక్కితే కిందికి పోతా ఉంది?"

"మీ కీబోర్డే తేడా తాతా," అన్నాను. ఆడలేక మద్దెల ఓడంటారే, అదే.

"తేడా అయితే నా ఇంటికే పోనీలే. ఎగ్జిబిషన్ అయినాక తీసకపోతా," అని లేచాడు.

సార్ పాత మిషను అప్పటికే మూలబడింది. ఇదీ పోతే నాకు మిగిలేది టైపు క్లాసే.

ఇంగ్లీషు కీబోర్డులో క్యూ (Q) పైన, ఏ (A) కింద ఉంటాయి. వాటితో పడవ అలాగే పైకీ కిందికీ పోయేలా పెట్టాను. ఫ్రెంచి కీబోర్డులో అవి తలకిందులు. మీటలు మార్చుకోవడానికి ఆటలోనే ఒక తెర ఉంది గానీ, అందులో ప్రతి మీటకూ అంకె కొట్టాలి. ఏ మీటకు ఏ అంకో పుస్తకం చూడకుండా నాకే తెలియదు. "కాగితం మీద రాసి పక్కన అంటించు, చాలు," అన్నాడు సార్. నేను వినలేదు. నేను పట్టిన కుందేలుకు ఎప్పుడూ మూడే కాళ్లు.

ఆ తెరను మొత్తం చెరిపి మళ్లీ రాశాను. మా ఊళ్లో ఒకరు తమిళం చదువుతారు, ఒకరు ఫ్రెంచి. మా ఇళ్లల్లో మాట్లాడేది తెలుగే, చదవడం మాత్రం చాలామందికి రాదు. అందుకే అక్షరమే పెట్టలేదు. మధ్యలో పడవ, చుట్టూ నాలుగు బాణాలు. ఒక బాణం మిణుకుమంటుంది, మీకు వీలైన మీట నొక్కండి, పచ్చగా మారుతుంది. ఒకే మీట రెండింటికి నొక్కితే ఎర్రబడి మళ్లీ అడుగుతుంది. నాలుగూ అయ్యాక అక్కడే పడవ నడిపి చూసుకోవచ్చు. నచ్చకపోతే కింది పొడుగు మీట కొట్టి మొదటినుంచి పెట్టుకోవచ్చు.

ఎగ్జిబిషన్ రోజు జనం చాలామందే వచ్చారు. తాత కూర్చున్నాడు. నేను వెనక నిలబడ్డాను. పై బాణం మిణుకుమంది. ఎడమచేత్తో ఒక మీట నొక్కాడు. రెండో బాణానికీ అదే నొక్కితే బాణం ఎర్రబడింది. "ఓహో," అని ఇంకోటి నొక్కాడు. నాలుగు మీటలూ ఆయన ఎడమచేతి కిందికే వచ్చాయి. వేరే ఎవరూ అలా పెట్టుకోరు.

పడవ పైకన్నప్పుడు పైకే పోయింది. రాయి తప్పించుకుని చేప పట్టింది. తాత కుర్చీ ముందుకు లాక్కున్నాడు. ఓడిపోయాడు, మళ్లీ మొదలెట్టాడు. వెనకున్నవాళ్లు "మాకూ ఇయ్యి తాతా" అన్నా లేవలేదు. చివరికి లేచాక, వచ్చినవాళ్లందరూ ఎవరి మీటలు వాళ్లే పెట్టుకుని ఆడారు. ఒక్కరు కూడా నన్ను పిలిచి అడగలేదు. అంతకన్నా గొప్ప మెప్పు నాకు ఈరోజుకీ దొరకలేదు. సార్ రాసి తెచ్చిన కాగితం ఆయన జేబులోనే ఉండిపోయింది.

జనం వెళ్లిపోయాక తాత ఇంటికి పోయి ఒక వైరు బుట్టతో తిరిగొచ్చాడు. మిషను సర్దుకోవడానికే వచ్చాడనుకున్నాను. బుట్టలోంచి మందపాటి గుడ్డ తీశాడు, ఆయన భార్య కొలత చూసి కుట్టిన కవరు.

"సముద్రపు గాలి పాపా, తుప్పు పడతాది. పనయినాక దీన్ని కప్పు."

అప్పుడే మిషను మీద కప్పాను. ఆనందం ఆపుకోలేక పైకే నవ్వేశాను. తాత అదేమీ పట్టించుకోలేదు. రేపు ఎన్ని గంటలకు తెరుస్తారని అడిగాడు.