స్టాప్‌వాచ్ పోయిన నెల

నేను నంద్యాలలో బీఎస్సీ రెండో సంవత్సరం చదువుతున్నప్పుడు మా తరగతిలోకి కెన్యా నుంచి ఒక విద్యార్థి వచ్చాడు. ఎనభైల మొదట్లో సంగతి. అంత దూరం నుంచి వచ్చినవాడు హైదరాబాదు, మద్రాసు వదిలిపెట్టి ఈ ఊళ్ళో ఎందుకు చేరాడన్నదే మా మొదటి అనుమానం. పట్నాల్లో సీటు దొరకలేదనీ, తెలిసిన పాస్టరుగారి సాయంతో ఇక్కడికి వచ్చాననీ అతను చెప్పాడు. మేం నమ్మలేదు. గూఢచారి అన్నాడొకడు. వాళ్ళ దేశంలో ఏదో చేసి పారిపోయి వచ్చాడన్నాడు ఇంకొకడు. క్యాంటీన్‌లో అతను కూర్చున్న బల్ల దగ్గరికి ఎవరూ వెళ్ళేవాళ్ళు కాదు. అతని రంగు మీద వెనకనుంచి వేసే కేకలు అతనికి అర్థం కావనుకునేవాళ్ళం. అర్థమయ్యేవి. ఆరు నెలల్లో మా తెలుగు బాగానే పట్టుకున్నాడు.

ఫిజిక్స్ ల్యాబ్‌లో నా పక్క బల్ల అతనిది. లోలకం ప్రయోగంలో అతను ఊపులు లెక్కపెడితే నేను స్టాప్‌వాచ్ నొక్కేవాణ్ణి. అంతకు మించి కలవలేదు. కలిస్తే నన్నూ వేరుగా చూస్తారని భయం.

ఒక సోమవారం ఆ స్టాప్‌వాచ్ కనిపించలేదు. లెక్చరర్ నన్ను పిలిచాడు.

“శనివారం ల్యాబ్‌లోంచి అందరికన్నా కడగా పోయింది ఎవురప్పా?”

“ఆయప్పే సార్.”

“జేబులో ఏమన్నా పెట్టుకుంటాంటే చూసినావా?”

“చూళ్ళేదు సార్. శానాసేపు ఒక్కడే ఉండాడు.”

అందులో అబద్ధం లేదు. అయితే అతను రికార్డు రాసుకోవడానికే ఆగాడని నాకు తెలుసు. ఆ ముక్క చెప్పలేదు.

ఆ మధ్యాహ్నమే లెక్చరర్, అటెండరు, నేను అతని గదికి వెళ్ళాం. “రూమిచ్చేటప్పుడే అనుకుంటి” అన్నాడు ఇంటి యజమాని, ఎవరూ అడక్కుండానే. అటెండరు ట్రంకుపెట్టెను చాప మీద బోర్లించాడు. బట్టలు, పుస్తకాలు, ఒక ఉత్తరాల కట్ట. ఆ కట్ట తెచ్చి నా చేతిలో పెట్టారు. ఇంగ్లీషు అక్షరాలే, ఒక్క మాటా తెలియలేదు.

“ఏం భాషప్పా ఇది? గుట్టుగా ఏమన్నా రాసుకుంటాండారేమో” అన్నాడు లెక్చరర్.

అతను గోడ పక్కన నిలబడి ఉన్నాడు. “మా చెల్లెలు రాసింది. మా అమ్మకు మోకాళ్ళ నొప్పులట. చదివి చెప్పమంటారా?” అని ఇంగ్లీషులో అడిగాడు. నేను కట్టను చాప మీద పెట్టేశాను. గడియారం అక్కడ లేదు. “యాడో అమ్మేసింటాడు” అన్నాడు అటెండరు మెట్లు దిగుతూ.

ఆ తర్వాత అతను ల్యాబ్ నుంచి బయటికి పోయే ప్రతిసారీ అటెండరు ముందు ఆగి, రెండు జేబులూ బయటికి తిప్పి చూపించి పోయేవాడు. ఎవరూ వద్దనలేదు.

దాదాపు మూడు వారాలకు స్టాప్‌వాచ్ ఆటల గది సొరుగులో దొరికింది. పరుగుపందేలకని ఆటల మాస్టారు తీసుకుపోయి మర్చిపోయాడట. లెక్చరర్ దాన్ని బీరువాలో పెట్టి పాఠం మొదలుపెట్టాడు.

ఆ శనివారం ఆళ్లగడ్డ పోయినప్పుడు ఇంట్లో ఈ సంగతి చెప్పాను. నాయన మిషన్ బడిలో అయ్యవారు.

“ఆ పిల్లోనికి చెప్తివా?”

“లేదు నాయనా.”

“నా చిన్నప్పుడు హోటల్లో మనోళ్ళకు గ్లాసు బయట గూట్లో పెట్టేవాళ్ళు. ఒకతూరి ఆ గ్లాసు పోయిందని నన్ను పట్టుకున్యారు. దొరికినాక ఒక్కడూ వచ్చి చెప్పలా. పో, చెప్పుపో.”

సోమవారం వెళ్ళి తలుపు తట్టాను. సగమే తెరిచాడు. ముందు నా చేతులకేసి చూశాడు.

“ఎవరు పంపారు నిన్ను?”

“ఎవరూ పంపలేదు. స్టాప్‌వాచ్ ఆటల గదిలో దొరికింది.”

“ఆ రోజు నా గురించి చెప్పింది నువ్వేనా?”

“నేనే.”

లోపలికి పోయి కాగితం, పెన్ను తెచ్చాడు. “రాసివ్వు. తెలుగులో. ఇంటాయన చదవాలి” అన్నాడు.

ఆ కాగితం ఎక్కడెక్కడ చూపిస్తాడో, లెక్చరర్ చేతికి పోతే నా ప్రాక్టికల్స్ ఏమవుతాయో అని గుమ్మంలో నిలబడి మళ్ళీ అతన్నే అనుమానించాను. చివరికి రాశాను. గడియారం ఆటల గదిలోనే ఉందనీ, ఆ రోజు అతను రికార్డు రాస్తున్నాడని తెలిసి కూడా నేను చెప్పలేదనీ రాసి సంతకం పెట్టాను.

అతనికి తెలుగు మాటలే వచ్చు, చదవడం రాదు. కాగితం తీసుకుని, నన్ను వెంటబెట్టుకుని, కింద ఉన్న సాయిబు టైలరు అంగడికి పోయాడు. “అన్నా, ఏం రాసినాడో చదువు” అన్నాడు. టైలరు మిషన్ ఆపి చదివాడు. చదువుతున్నంతసేపూ అతను నా ముఖమే చూశాడు. “ఇంగోతూరి” అన్నాడు. టైలరు మళ్ళీ చదివాడు. అప్పుడు ఇంటి యజమాని దగ్గరికి పోయాం.

“నిన్ను దొంగని ఎవురన్యారప్పా?” అన్నాడాయన, కాగితం తిరిగిచ్చేస్తూ.

ఆ యేడు ప్రాక్టికల్స్‌లో నాకు చాలా తక్కువ మార్కులు వచ్చాయి. ఆ కాగితం సంగతి లెక్చరర్‌కు తెలిసిందో లేదో ఇప్పటికీ తెలియదు. అతనికి మా ఇంటికి రమ్మని రెండుసార్లు చెప్పాను, రాలేదు. మూడోసారి వచ్చాడు. ఆళ్లగడ్డలో నాయన పక్కన కూర్చుని సంగటి తిన్నాడు, వాళ్ళ అమ్మా ఇట్లాంటిదే మొక్కజొన్న పిండితో చేస్తుందన్నాడు. ఆ పొద్దంతా నాయనతోనే మాట్లాడాడు.