అన్నం మూటలను పట్టించిన సార్జంటు

ఆ రోజుల్లో, సముద్రం దాటి వచ్చిన మా వాళ్ళంతా పనిచేసే కొబ్బరి ఎస్టేటులో అన్నం తినడం నేరం కాదు గానీ, అన్నం మోయడం నేరం. ఇప్పటి పిల్లలకు చెబితే నవ్వుతారు. అడవిలో దాక్కున్న తిరుగుబాటుదార్లకు తిండి అందకూడదని తెల్ల సర్కారు మేముండే కూలి ఇళ్ళ లైన్ల చుట్టూ ముళ్ళకంచె వేసి, గేటు దగ్గర సోదా పెట్టింది. పనిలోకి వెళ్ళేవాళ్ళెవరూ చద్దిమూట పట్టుకెళ్ళకూడదు. ఆ గేటుకు అసలు అధికారి ఒక నల్ల కుక్క. అడవిలో మనుషుల జాడ తీసేవాడట. కాలికి దెబ్బ తగిలాక మా గేటుకు బదిలీ చేశారు. అందరం సార్జంటు అనేవాళ్ళం (కుక్కను పట్టుకుని 'వాడు' అంటున్నానేమిటని అడగకండి, ఆయన హోదా అలాంటిది). అన్నం వాసన తగిలితే మొరగడు, కరవడు. మూట ఉన్న మనిషి ఎదురుగా వచ్చి బుద్ధిగా కూర్చుంటాడు. అంతే, ఆ మనిషి రెండు చేతులూ పైకెత్తి సోదా అయ్యేదాకా నిలబడాలి.

మా అమ్మమ్మ ఒకసారి కొంగున చద్దన్నం ముద్ద కట్టుకుని వాడికి దొరికిపోయింది. పొద్దు వాలేదాకా గేటు పక్కన కూర్చోబెట్టారు. వచ్చేపోయేవాళ్ళంతా చూశారన్న బాధకంటే, నంజుకోవడానికి పెట్టుకున్న ఎండుచేప సర్కారు పాలైందన్న బాధే ఆవిడకు ఎక్కువ. ఆ రోజునుంచి సార్జంటు పేరెత్తితే చాలు, మూడు తరాలు ముట్టేలా తిట్టేది.

మెర్దెకా, అంటే స్వతంత్రం, వచ్చింది. మరికొన్నాళ్ళకు మా వైపు కంచె కూడా తీసేశారు. సార్జంటును చూసుకునే తెల్ల సోల్జరు ఓడెక్కి వాళ్ళ దేశం వెళ్ళిపోయాడు (వెళ్ళేముందు వాడి మెడ కౌగిలించుకుని చాలాసేపు వదల్లేదు, ఆ మాట చెప్పకపోతే పాపం). దేశానికి స్వతంత్రం వచ్చిన సంగతి సార్జంటుకు ఎవరూ చెప్పలేదు. కంచె లేకపోయినా తన ఉద్యోగం తను చేస్తూనే ఉన్నాడు. చద్దిమూటతో ఎవరు కనబడినా ఎదురెళ్ళి కూర్చునేవాడు, వాళ్ళు పాత అలవాటుకొద్దీ చేతులెత్తేవారు, పని ఆగిపోయేది. చివరికి ఎస్టేటు దొర వాడిని కాల్చేయమన్నాడని లెక్కలు రాసే కిరాణి చెప్పాడు.

అప్పుడు నాకు పద్దెనిమిదేళ్ళు. తల్లులు పనిలోకి వెళ్ళాక వాళ్ళ పిల్లలను చూసుకునే కొట్టంలో ఆయాను. ఎక్కడినుంచి వచ్చిందో ధైర్యం, తిన్నగా దొర బంగళాకు వెళ్ళి, వాడికి పాత పని మరిపిస్తానన్నాను. ఉయ్యాలలు ఊపే పిల్లవి, సర్కారు కుక్కకు నువ్వు నేర్పేదేమిటని కిరాణి నవ్వాడు. దొర మాత్రం శ్రీరామనవమి దాకా గడువిచ్చాడు. ఆ రోజు ఊరేగింపులో ఒక్కరి ముందు కూర్చున్నా తుపాకీయే. కూర్చోకపోతే బతుకుతాడు, కాకపోతే పెంచుకునేవాళ్ళు ఒకరు ముందుకు రావాలి. వాడికి పట్టుబడని ఇల్లు మా లైన్లలో లేదు. ఇక పెంచుకునేదెవరు?

నా బడి మొదలైంది. అన్నం గిన్నె పట్టుకుని వాడి ముందునుంచి నడిచేదాన్ని. కూర్చుంటే మొహం తిప్పుకుని ఊరుకునేదాన్ని. లేచి నా వెంట నడిచాడా, ఒక ఎండు నెత్తలి చేప. మొదట్లో వాడికి వింతగా అనిపించినట్టుంది. ఇంత పెద్ద దొంగను పట్టిస్తుంటే ఎవరూ రారేమిటని నాలుగు దిక్కులూ చూసేవాడు. తర్వాత బెంగపడి తిండి మానేశాడు, నాకూ ముద్ద దిగలేదు. ఒకరోజు కొట్టంలో ఒక బుడతడు చేతినిండా, మూతినిండా అన్నం పూసుకుని వాడి ఎదురుగా వెళ్ళాడు. సార్జంటు నడుము సగం వంచాడు. నావైపు చూశాడు. మళ్ళీ లేచి, తోక ఊపుకుంటూ వచ్చేశాడు. నేను ఏడ్చేశాను. ఆ తర్వాత బి.ఎ. పాసైన కొడుకును చూసి కూడా అంత గర్వపడలేదు (వాడికి చెప్పకండి).

శ్రీరామనవమి వచ్చింది. రామమందిరానికి ఊరేగింపు బయల్దేరింది. ముందు మా అమ్మమ్మ, తలమీద పులిహోర గంగాళం. వెనక వడపప్పు పళ్ళేలు, పానకం బిందెలు. దొర, కిరాణి పక్కన నిలబడ్డారు. పానకంలో పుడకలా మా సార్జంటు తిన్నగా అమ్మమ్మకు ఎదురెళ్ళాడు. వాడు కూర్చోలేదు. వాసన చూసి, పక్కకు తప్పుకుని దారి ఇచ్చాడు.

అమ్మమ్మ మాత్రం అప్పటికే రెండు చేతులూ పైకెత్తేసింది. ఆవిడను చూసి వెనకవాళ్ళంతా ఎత్తేశారు. పానకం బిందెలు నేలపాలు, వడపప్పు కోళ్ళపాలు. అమ్మమ్మ తలమీద గంగాళం మాత్రం కదల్లేదు (మా వంశం అలాంటిది). దొర కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వి, కుక్క నేర్చుకుంది గానీ వీళ్ళకు నేర్పేదెవరన్నాడు. ఆ వెంటనే నవ్వు ఆపి, దీన్ని ఎవరు పెంచుకుంటారని అడిగాడు. నేను నోరు తెరిచేలోగా అమ్మమ్మ చేతులు దించి సార్జంటు వైపు చూసింది.

"ఒలే గుంటా, ఈడు నన్ను వగ్గేసినాడే," అంది. "అన్నం మోసుకెల్తన్నా పట్టుకోకండా వగ్గేసినాడు. నాను పెంచుతాను. మా ఇంటికి తోలుకొచ్చీ."

ఆ మధ్యాహ్నం ఆవిడ వాడికి మొట్టమొదట పెట్టింది చద్దన్నం ముద్ద, పక్కన ఎండుచేప. అమ్మమ్మ పనిలోకి వెళ్ళేటప్పుడు వాడూ వెంట వెళ్ళేవాడు, చద్దిమూట తాడు నోట కరుచుకుని. ముసలివాడై పోయేదాకా ఆ మూట ఇంకొకరిని మోయనివ్వలేదు.

ఇప్పుడు నేను ఎస్టేటు వదిలి పట్నంలో, తెలుక్ ఇంటాన్‌లో కొడుకు దగ్గర ఉంటున్నాను. మొన్న టిఫిన్ క్యారియర్‌తో గుడికి వెళ్తుంటే పక్కింటి కుక్కపిల్ల ఒకటి వచ్చి నా ఎదురుగా కూర్చుంది. "ఏటి నానమ్మా, సేతులెందుకెత్తినావు? అది నాయ్‌కుట్టి లా," అని మనవరాలు నవ్వింది (కుక్కపిల్లకు అరవం మాట, చివర 'లా' ఇక్కడందరికీ అలవాటైన తోక). చూసుకుంటే నిజమే, క్యారియర్‌తో సహా రెండు చేతులూ గాలిలో ఉన్నాయి. సర్కారు కుక్కకు పాఠం నేర్పిన పంతులమ్మను నేనేనని ఎలా చెప్పను? నాకు నేర్పేందుకు సార్జంటు లేడుగా.