వంపు గొట్టం

తోమడానికి వీల్లేని హీటరు కొన్నది ఇంజనీరు. తోమలేదని సస్పెండయింది నేను.

చక్కెర ఫ్యాక్టరీలో చెరకు రసం కాచే హీటరది. పెద్ద డొల్లలో ఆవిరి, అందులోని సన్న గొట్టాల్లో రసం. గొట్టాల లోపల గార కడుతుంది. అవి తిన్నగా ఉంటే బ్రష్షు ఊచ ఈ చివర దూరి ఆ చివర తేలుతుంది. చవకని వంపు గొట్టాలది తెచ్చారు. కొనకముందే వద్దన్నాను. ఏడో తరగతి చదివిన ఫిట్టరు మాట ఎవరు వింటారు?

ఎనభైల మొదట్లో నర్సీపట్నంలో యలమంచిలి బస్సెక్కి, జవాబు రాని నా అర్జీల నకళ్లు పక్కసీటు పెద్దాయనకు చూపించాను. ఒళ్లో పంపుసెట్టు సామాను సంచితో ఉన్న రైతు. రెండు కాగితాలు చదివి, అన్నీ మడిచి నా జేబులో పెట్టేశాడు.

"ఇన్ని కాయితాలేటి బాబూ? ఆ వంపు గొట్టం ముక్కొకటి, తోమే ఊచొకటి అట్టుకెల్లి ఆల బల్ల మీద ఎట్టు. తొయ్యమను."

పేరు అడిగేలోగా దిగిపోయాడు.

విచారణ రోజు అలాగే పెట్టాను. ఇంజనీరు చొక్కా చేతులు మడిచి మరీ తోశాడు. ఊచ వంపు దగ్గరే ఆగింది. అర్జీల్లో నేను మూడుసార్లు రాసిందీ అదే. మేనేజరు గారు గొట్టంలోకి కన్ను పెట్టి చూసి అన్నారు:

"రేపు డ్యూటీకి వచ్చేయ్. ఈసారి హీటరు కొనేముందు నిన్ను పిలుస్తాం."